కషాయమా, కత్తా అనే ముందు రక్తం చూపించుకోండి

మూడేళ్ళ కిందటి మాట. తాలూకా కేంద్రంలోని ఒక ఆసుపత్రిలో మా పిన్నిని డాక్టరమ్మ ముందు కూర్చోబెట్టి నేను పక్కన నిలబడ్డాను. దుబాసీ పని నాది. పిన్నికి కన్నడం బొత్తిగా రాదని కాదు. తాతల కాలంలో గోదావరి జిల్లా నుంచి తుంగభద్ర ఎడమ కాలువ కిందికి వచ్చి స్థిరపడ్డ కుటుంబం మాది. గంగావతి సంతలో బేరమాడటానికి, బస్సు కండక్టరుతో చిల్లర కోసం పోట్లాడటానికి ఆమె కన్నడం దివ్యంగా సరిపోతుంది. ఒంట్లో సంగతి చెప్పుకోవడానికి మాత్రం చాలదు.

"ఎష్టు బ్లీడింగ్ ఆగ్తిదె, కేళి" అన్నారు డాక్టరమ్మ నాతో. ఎంత పోతోందో అడగమని. అడిగాను. పిన్ని నేల చూపులు చూస్తూ "కొంచెం ఎక్కువేరా అబ్బాయ్" అంది. నేను "స్వల్ప జాస్తి" అని అనువాదం చేశాను. డాక్టరమ్మ చీటీ మీద అదే రాసుకున్నారు. స్కానింగులో ఏడు సెంటీమీటర్ల గడ్డ ఉందన్నారు, మాత్రలు రాశారు, నెల తర్వాత రమ్మన్నారు. రక్త పరీక్ష కూడా రాశారు గానీ, ల్యాబు దగ్గర జనం ఎక్కువగా ఉన్నారని మేమే వచ్చేశాం. ఆ తప్పు మాదే.

రెండు వారాలకు నాట్ల దగ్గర పిన్ని కళ్ళు తిరిగి గట్టు మీద పడిపోయింది. హిమోగ్లోబిన్ చూస్తే 5.4. ఆడవాళ్ళకు 12 ఉండాలి. మూడు సీసాల రక్తం ఎక్కించారు. నేను బయట ఉన్నప్పుడు నర్సమ్మ చేత్తో సైగలు చేసి అడిగితే అప్పుడు బయటపడింది అసలు సంగతి. రోజుకు ఎనిమిది గుడ్డలు మారుస్తోందట. అదీ మూడు రోజులు కాదు, పది రోజులు. గడ్డకట్టిన రక్తం ముద్దలు ముద్దలుగా పడుతోందట.

అక్క కొడుకుని పక్కన పెట్టుకుని ఏ ఆడమనిషి ఆ మాట చెబుతుంది? నేను చేసిన అనువాదంలో ఒక్క అక్షరం తప్పు లేదు. అయినా మనిషి ప్రాణం మీదికి వచ్చింది.

రెండో సంగతి ఇంటికొచ్చాక తెలిసింది. అంతకు ముందు రెండేళ్ళుగా పిన్ని గడ్డ కరగడానికి కషాయం తాగుతోంది. ఎవరో చెప్పిన అశోక చెక్క, ఫోనులో చూసిన అవిసె గింజలు, పొత్తికడుపు మీద ఆముదం పట్టీ. గడ్డ కరుగుతోందన్న నమ్మకంతో రక్తం పోతున్న సంగతి పట్టించుకోలేదు. "కరిగి పోతోందేమో అనుకున్నానురా" అంది. ఆ ముద్దలు గడ్డ ముక్కలే అనుకుందట పాపం. మన భాషలో రెంటికీ గడ్డ అనే మాటే కదా.

ఈ సంగతులు ఇప్పుడు రాయడానికి కారణం ఉంది. సింధనూరు, కారటగి, గంగావతి, సిరుగుప్ప వైపు క్యాంపుల్లో ఏ ఇంటి అరుగు మీద కూర్చున్నా ఈ గడ్డల మాట వినబడుతోంది. నలభై దాటిన ఆడవాళ్ళకు ఫోనుల్లో వీడియోలు వచ్చి పడుతున్నాయి. ఇరవై ఒక్క రోజుల్లో ఫైబ్రాయిడ్ మాయం, కత్తి లేకుండా కరిగిపోతుంది అని. ఇంకోవైపు, స్కానింగు రిపోర్టు పట్టుకుని వెళ్తే పది నిమిషాల్లో ఆపరేషను తారీఖు చెప్పే చోట్లూ ఉన్నాయి. మన ఆడవాళ్ళు ఈ రెండు గుమ్మాల మధ్యే తిరుగుతున్నారు. రెండుచోట్లా ఎవరూ మొదట అడగవలసిన ప్రశ్న అడగడం లేదు: అమ్మా, నీ ఒంట్లో రక్తం ఎంతుంది?

గడ్డ అంటే క్యాన్సర్ కాదు

ముందు ఆ మాట తేల్చుకోవాలి. ఫైబ్రాయిడ్ అంటే గర్భసంచి గోడలోని కండరం, పీచు కలిసి ఉండలా పెరగడం. అది క్యాన్సర్ కాదు. క్యాన్సర్‌గా మారుతుందనడానికీ ఆధారం లేదు. ఫైబ్రాయిడ్ అనుకున్నది క్యాన్సర్ గడ్డగా తేలడం చాలా అరుదు. మనకు మాత్రం గడ్డ అన్న మాట చెవిన పడగానే గుండె జారిపోతుంది. కన్నడంలో గర్భకోశద గడ్డె అన్నా అదే భయం.

ఇది ఎంత మామూలు విషయమో చెప్పడానికి ఒక లెక్క. అమెరికాలో 2003లో వెలువడిన ఒక అధ్యయనంలో, యాభై ఏళ్ళు వచ్చేసరికి తెల్లజాతి మహిళల్లో దాదాపు 70 శాతం మందికి, నల్లజాతి మహిళల్లో 80 శాతానికి పైగా మందికి ఫైబ్రాయిడ్లు ఉన్నట్టు తేలింది. వాళ్ళలో చాలామందికి ఉన్నట్టే తెలియదు. నొప్పి లేదు, రక్తం ఎక్కువ పోదు, జీవితమంతా అలాగే గడిచిపోతుంది. స్కానింగు లేని రోజుల్లో మన అమ్మమ్మలు అలాగే గడిపారు.

ఎంత పెద్దది అన్నదానికంటే ఎక్కడుంది అన్నది ముఖ్యం. గర్భసంచి లోపలి పొరలోకి పొడుచుకొచ్చిన రెండు సెంటీమీటర్ల గడ్డ నెలనెలా ఒంట్లో రక్తమంతా తోడెయ్యగలదు. బయటి గోడకు అంటుకుని ఉన్న ఆరు సెంటీమీటర్లది నోరు మెదపకుండా పడి ఉండవచ్చు. పెద్దదైతే మూత్రాశయం మీద ఒత్తుతుంది, మాటిమాటికీ మూత్రానికి వెళ్ళాల్సి వస్తుంది, మలబద్ధకం వస్తుంది. కొందరికి గర్భం నిలవడం కష్టమవుతుంది. అందువల్ల పక్కింటావిడకి ఏం చేశారో మనకూ అదే చెయ్యాలనుకోవడం కుదరదు.

ఇది ఆడవాళ్ళ హార్మోన్ల మీద ఆధారపడి పెరిగే గడ్డ. ముట్లు ఆగిపోయే వయసు వచ్చాక చాలావరకు దానంతట అదే కుంచించుకుపోతుంది. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే సగం కషాయాల మహిమ ఏమిటో అర్థమవుతుంది.

కషాయానికి పేరెలా వస్తుంది?

నలభై ఎనిమిదేళ్ళ ఆవిడ రెండేళ్ళు కషాయం తాగింది. యాభైకి ముట్లు ఆగాయి. గడ్డ చిన్నదైంది. పేరు ఎవరికొచ్చింది? కషాయానికి. తాగకపోయినా అదే జరిగేది.

ఇంకో మెలిక ఉంది. ముట్లు ఆగకముందు కూడా కొన్ని గడ్డలు మందూ మాకూ లేకుండానే తగ్గుతాయి. 2008లో అమెరికా పరిశోధకులు 72 మంది మహిళల్లో 262 ఫైబ్రాయిడ్లను కొంతకాలం వరుసగా కొలిచి చూశారు. కొన్ని పెరిగాయి, కొన్ని ఉన్నట్టే ఉన్నాయి, కొన్ని తగ్గాయి. ఒకే మనిషిలోని గడ్డలు కూడా ఒక్కోటి ఒక్కో దారిన పోయాయి. దానికి తోడు, ఒక స్కానింగు కేంద్రంలో 4.2 వచ్చిన గడ్డ ఇంకోచోట 3.9 వస్తుంది. కొలిచే చెయ్యి మారింది, అంతే. ఆ మూడు మిల్లీమీటర్లను ఫోటో తీసి, మా మందు ఫలితం చూడండి అని వీడియోల్లో పెడుతున్నారు.

అలాగని ప్రకృతి వైద్యమంతా బూటకమని కొట్టెయ్యడం నా ఉద్దేశం కాదు. అందులో గింజ ఉంది, పొల్లూ ఉంది. చాటలో వేసి చెరగాలి.

గ్రీన్ టీ సంగతి చూద్దాం. ఈజిప్టులో జరిగి 2013లో వెలువడిన ఒక చిన్న పరిశోధనలో 33 మంది మహిళలు నాలుగు నెలలు పాల్గొన్నారు. గ్రీన్ టీ నుంచి తీసిన సారాన్ని రోజుకు 800 మిల్లీగ్రాములు తీసుకున్నవారిలో గడ్డల పరిమాణం సుమారు మూడో వంతు తగ్గింది. బాగానే ఉంది. కాకపోతే 33 మందితో లోకమంతటికీ వైద్యం నిర్ణయించలేం. పైగా అది కప్పులో తాగే టీ కాదు, చిక్కటి సారం. ఇలాంటి సారాన్ని ఎక్కువ మోతాదులో తీసుకుంటే కాలేయానికి దెబ్బ తగిలే సూచనలు ఉన్నాయని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2018లో హెచ్చరించింది. సహజమైనదే కదా, ఏం చేస్తుందిలే అనే మాటకు ఇది జవాబు. గన్నేరు కూడా సహజమైనదే.

పసుపు మీద ప్రయోగశాలల్లో, గాజు పాత్రల్లోని కణాల మీద పరిశోధనలు జరిగాయి. గాజు పాత్రలో కణానికి జరిగినది, పప్పులో వేసుకున్న చిటికెడు పసుపుతో కడుపులోని గడ్డకు జరుగుతుందని చెప్పలేం. విటమిన్ డి తక్కువ ఉన్నవారిలో ఫైబ్రాయిడ్లు ఎక్కువగా కనిపిస్తున్నాయి. అందుకని లోపం ఉంటే సరిచేసుకోవడం మంచిదే, ఎముకలకూ మంచిది. గడ్డ కరుగుతుందన్న పూచీ మాత్రం లేదు. చైనా మూలికల మీద జరిగిన ప్రయోగాలన్నిటినీ కోక్రేన్ అనే అంతర్జాతీయ సంస్థ 2013లో జల్లెడ పట్టి, వాడమని చెప్పడానికి ఆధారాలు చాలవని తేల్చింది. ఆముదం పట్టీ వల్ల గడ్డ కరగదు. వేడి కాపడం వల్ల నొప్పి తగ్గుతుంది, అది నిజం. నొప్పికి కాపడం పెట్టుకోండి, గడ్డకని పెట్టుకోకండి.

మన అశోకారిష్టం దగ్గరికి వద్దాం. అధిక రక్తస్రావానికి అశోక చెక్కను వాడటం ఆయుర్వేదంలో పాత పద్ధతి. నేను దాన్ని తీసిపారెయ్యను. కానీ గడ్డను కరిగిస్తుందని చూపించిన నమ్మదగిన పెద్ద పరీక్షలు లేవు. అరిష్టం అంటే బెల్లంతో పులియబెట్టిన మందు. షుగరు ఉన్నవాళ్ళు నెలల తరబడి మూతలు మూతలు తాగడం మంచిది కాదు, అందులో పులిసినందువల్ల పుట్టే ఆల్కహాలు కూడా కొంత ఉంటుంది. ఇంకో ముఖ్యమైన సంగతి. మన బడుల ఆవరణల్లో, ఆఫీసుల ముందు బారుగా, పొడుగ్గా పెరిగే చెట్టును అందరూ అశోక చెట్టు అంటారు. అది అశోక కాదు, నరమామిడి. మందుకు చెప్పిన అశోక వేరే చెట్టు, నారింజ ఎరుపు పూలు గుత్తులుగా పూస్తుంది. మా క్యాంపు బడి దగ్గరి నరమామిడి చెట్లకు మనిషెత్తు వరకు బెరడు లేదు. అది ఎవరి కషాయంలోకి పోయిందో ఆ దేవుడికే తెలియాలి. బజారులో అమ్మే అశోక చెక్కలోనూ ఈ నరమామిడి కలుస్తోందని పరిశోధకులు ఎప్పటి నుంచో చెబుతున్నారు.

చదువుకున్న ఆయుర్వేద వైద్యుడు నాడి చూసినా, రక్త పరీక్ష కాగితం కూడా అడుగుతాడు. అడగనివాడి దగ్గర లేవండి. నేను పెట్టుకున్న గుర్తు ఇదే.

తోటకూరతో తీరని లెక్క

ఇప్పుడు తిండి విషయం. ఫైబ్రాయిడ్ ఉన్నావిడకు తిండి చేసే అసలు మేలు గడ్డ మీద కాదు, రక్తం మీద. దాని లెక్క ఏమిటో చూడండి.

రక్తం ఒక మిల్లీలీటరు పోతే సుమారు అర మిల్లీగ్రాము ఇనుము పోతుంది. నెలకు 80 మిల్లీలీటర్లు దాటితే వైద్యులు దాన్ని అధిక రక్తస్రావం అంటారు. మా పిన్ని లాంటివాళ్ళకు 200 దాటడం వింత కాదు. అంటే వంద మిల్లీగ్రాముల దాకా ఇనుము నెలనెలా కాలవలో కలిసిపోతోంది. మామూలుగా తినే తిండి నుంచి మన పేగులు రోజుకు ఒకటి రెండు మిల్లీగ్రాముల ఇనుమే పీల్చుకుంటాయి. నెలంతా కలిపి ముప్పై నుంచి అరవై. అందులోనే మామూలు రోజువారీ ఖర్చూ పోవాలి. ఒంట్లో లోటు ఉన్నప్పుడు పేగులు ఇంకాస్త ఎక్కువ పీల్చుకుంటాయి, అయినా ఈ గండికి ఆ మట్టి చాలదు. తోటకూర, మునగాకు, గోంగూర ఎంత తిన్నా, మదుం తెరిచిపెట్టిన మడిలో బిందెతో నీళ్ళు పోసినట్టే. ముందు మదుం మూయాలి. అంటే రక్తస్రావం తగ్గించాలి. తర్వాత ఇనుము మాత్రలు, అవసరమైతే ఇంజెక్షను. ఆకుకూరలు వాటికి తోడు.

తోడు అన్నాను గానీ చిన్నచూపు చూడటం లేదు. ఆకుకూర మీద నిమ్మరసం పిండుకుంటే అందులోని ఇనుము బాగా ఒంటబడుతుంది. ఉసిరి, జామ కూడా అంతే. మాంసం తినేవాళ్ళకు మేక కార్జం కంటే మంచి ఇనుము మరొకటి లేదు. బీట్‌రూటు ఎర్రగా ఉంది కాబట్టి రక్తం పడుతుందనేది మాత్రం రంగు చూసి నమ్మడమే, అందులో ఇనుము తక్కువ. అన్నిటికంటే పెద్ద దొంగ మన టీ. టిఫిను తిన్న వెంటనే, నాట్లలో మధ్యాహ్నం అన్నం తిన్న వెంటనే గ్లాసు టీ తాగుతాం. తిన్న ఇనుమును టీ పట్టేసుకుంటుంది. కనీసం గంట ఆగి తాగండి. ఇనుము మాత్రను టీతో వేసుకునేవాళ్ళను నేను కళ్ళారా చూశాను. మలం నల్లగా వస్తోందని భయపడి మాత్రలు మానేసినవాళ్ళనూ చూశాను. నల్లగా రావడం మామూలే. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మాత్రలు ఉచితం, ఆశా కార్యకర్తను అడిగితే తెచ్చిస్తుంది.

బరువు తగ్గితే కొంత మేలు. ఒంట్లో కొవ్వు కూడా ఈస్ట్రోజెన్ తయారుచేస్తుంది, అది గడ్డకు మేత. కూరలు, పండ్లు ఎక్కువ తినేవాళ్ళలో ఫైబ్రాయిడ్లు తక్కువగా ఉన్నట్టు ఇటలీలో జరిగిన అధ్యయనం ఒకటి చెబుతోంది. నడవండి, పండ్లు తినండి. ఖర్చు లేదు, నష్టం లేదు. ఆపరేషను వద్దన్నారని పస్తులుండి బరువు తగ్గే ప్రయత్నం మాత్రం చెయ్యకండి, అసలే రక్తం లేని ఒళ్ళు.

"పిల్లలు పుట్టేశారుగా, ఇంకెందుకు?"

ఇంకో గుమ్మం గురించి కూడా చెప్పాలి. మా అత్త ఒకావిడకు ముప్పై నాలుగేళ్ళకే గర్భసంచి, దానితో పాటు రెండు అండాశయాలూ తీసేశారు. ఇరవై మూడేళ్ళకు పిల్లల ఆపరేషను అయిపోయింది. ఆ తర్వాత తెల్లబట్ట, నడుం నొప్పి. స్కానింగులో చిన్న గడ్డ కనబడింది. "పిల్లలు పుట్టేశారుగా, ఆ సంచితో ఇంకెందుకు, వదిలేస్తే క్యాన్సర్ అవుతుంది" అన్నారట. ఆ మాట అన్నాయన తెలుగులోనే అన్నాడు, భాష సమస్య కాదక్కడ. కాగితంలో అండాశయాలు కూడా తీశామని ఇంగ్లిషులో రాసి ఉంటే, ఆ సంగతి నేను చదివి చెప్పేదాకా పదకొండేళ్ళు ఆవిడకు తెలియదు. ముప్పై ఐదేళ్ళకే ఒంట్లో ఆవిర్లు, నిద్ర లేకపోవడం. నలభై ఐదుకి ఎముకలు గుల్లబారాయి. అండాశయాలు వయసు రాకముందే తీసేస్తే ఎముకలకూ గుండెకూ ముప్పు పెరుగుతుందని వైద్యశాస్త్రం ఎప్పుడో చెప్పింది.

ఇది మా ఒక్క ఇంటి కథ కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురైతే, ఆంధ్రప్రదేశ్‌లో తొమ్మిది మంది, తెలంగాణలో ఎనిమిది మంది. దేశంలో పై రెండు స్థానాలూ మన తెలుగు రాష్ట్రాలవే. సరిహద్దు దాటి వచ్చినా ఆ అలవాటు మనతోపాటే వచ్చింది. బంధువులంతా అటే ఉంటారు, ఆపరేషనుకు అటే వెళ్తాం. ఇటువైపు మాత్రం మెరుగా అంటే అదీ లేదు. 2015లో కలబురగి జిల్లాలో తండాల మహిళలకు, దళిత మహిళలకు అనవసరంగా గర్భసంచులు తీసేశారని పెద్ద ఆందోళన జరిగి విచారణ దాకా వెళ్ళింది. మహారాష్ట్రలోని బీడ్ జిల్లాలో చెరకు నరికే మహిళలు 82 వేల మందిని 2019లో సర్వే చేస్తే 13 వేల మందికి పైగా గర్భసంచి లేదని తేలింది. ముట్టయితే పని పోతుంది, పని మానితే మేస్త్రీ జరిమానా వేస్తాడు. అందుకని తీయించేసుకున్నారు.

మన నాట్ల ముఠాల్లో ఆ జరిమానా లేదు. బురదలో రోజంతా నిలబడాలి, గుడ్డ మార్చుకోవడానికి చాటు లేదు, మరుగుదొడ్డి లేదు. "తీయించేసుకుంటే పీడ పోతుంది" అని ఆడవాళ్ళు తామే డాక్టర్ని అడుగుతున్నారంటే కారణం కడుపులో ఒక్కటే లేదు, పొలం గట్టు మీద కూడా ఉంది. డాక్టర్లను ఒక్కరినే తిట్టడం నాకు న్యాయంగా అనిపించదు.

ఈ అనవసర ఆపరేషన్ల మీద డాక్టర్ నరేంద్ర గుప్తా వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్ 5న తీర్పు చెప్పింది. కేంద్ర ఆరోగ్య శాఖ 2022లో ఇచ్చిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చెయ్యాలని రాష్ట్రాలను ఆదేశించింది. ఆ మార్గదర్శకాల ప్రకారం జిల్లా స్థాయిలో కూడా పర్యవేక్షణ కమిటీ ఉండాలి. కొప్పళ, రాయచూరు, బళ్ళారి జిల్లాల్లో ఆ కమిటీలు ఎన్నిసార్లు కూర్చున్నాయి, నలభై లోపు వయసువాళ్ళకు జరిగిన ఎన్ని ఆపరేషన్లను పరిశీలించాయి? ఆ లెక్క జిల్లా ఆరోగ్య అధికారులు బయట పెట్టాలి. మన క్యాంపుల నుంచి పంచాయతీ సభ్యులున్నారు, తాలూకా రాజకీయాల్లో పేరున్నవాళ్ళున్నారు. కాలువ నీళ్ళ వంతు కోసం బెంగళూరు దాకా వెళ్ళగలిగినవాళ్ళు ఈ ఒక్క కాగితం అడగలేరా?

ఆ రెండు గుమ్మాల మధ్య

కషాయానికీ కత్తికీ నడుమ చాలా ఉంది, అది మనవాళ్ళకు చెప్పేవాళ్ళే తక్కువ. ముట్టు రోజుల్లో మాత్రమే వేసుకునే ట్రానెక్సామిక్ ఆమ్లం మాత్రలు రక్తస్రావాన్ని బాగా తగ్గిస్తాయి. గర్భసంచిలో అమర్చే హార్మోను పరికరం ఉంది, అది ఏళ్ళ తరబడి పనిచేస్తుంది. గడ్డను తాత్కాలికంగా కుదించే ఇంజెక్షన్లున్నాయి. పిల్లలు కావాలనుకునేవాళ్ళకు గర్భసంచి ఉంచి గడ్డ ఒక్కటే తీసే ఆపరేషను ఉంది. లోపలి పొరలో ఉన్న గడ్డనైతే పొట్ట కొయ్యకుండా కింది నుంచే తీయవచ్చు. గడ్డకు వెళ్ళే రక్తనాళాన్ని మూసే పద్ధతి పెద్ద నగరాల్లో దొరుకుతుంది. ఏదీ అందరికీ పనికిరాదు. బాధ లేకపోతే, రక్తం బాగుంటే, ఏమీ చెయ్యకుండా ఆర్నెల్లకో ఏడాదికో చూపించుకుంటూ ఉండటం కూడా వైద్యమే. అసలైన సహజ వైద్యం అదేనేమో.

ఆగకూడని సందర్భాలూ ఉన్నాయి. గంటకో ప్యాడు తడిసిపోతుంటే, మెట్టెక్కితే ఆయాసం, గుండె దడ, కళ్ళు తిరగడం ఉంటే, మూత్రం బిగిస్తే, ఉన్నట్టుండి తీవ్రమైన కడుపునొప్పి వస్తే ఆ రోజే వెళ్ళాలి. ముట్లు ఆగిపోయిన ఏడాది తర్వాత మళ్ళీ ఒక్క మరక కనబడినా కషాయం మాట తలపెట్టకుండా డాక్టరు దగ్గరికి పోవాలి.

మా పిన్ని విషయం చివరికి ఎలా తేలిందంటే, రక్తం ఎక్కించాక మాత్రలు, ఇనుము ఇంజెక్షన్లతో పద్నాలుగు నెలలు నెట్టుకొచ్చింది. హిమోగ్లోబిన్ 11 దాటింది. గడ్డ మాత్రం లోపలి పొరలోకి వచ్చేసింది, మాత్రలు ఆపితే మళ్ళీ మొదలు. ముట్లు ఆగడానికి ఇంకా మూడు నాలుగేళ్ళు పట్టవచ్చన్నారు. అన్నీ విన్నాక తనే ఆపరేషను చేయించుకుంటానంది. గర్భసంచి తీశారు, అండాశయాలు ఉంచారు. ఉంచుతారా లేదా అని సంతకం పెట్టేముందు తనే అడిగింది. అదే ఆపరేషను మా అత్తకూ జరిగింది. అత్తను ఎవరూ ఏమీ అడగలేదు, అత్తకూ ఏమి అడగాలో తెలియదు.

మన ఆసుపత్రుల్లో తెలుగు తెలిసిన నర్సమ్మో ఆశా కార్యకర్తో ఆడవాళ్ళ ఓపీ దగ్గర వారానికి ఒక్కరోజైనా ఉండాలని నేను అడుగుతున్నాను. సరిహద్దు తాలూకాల్లో ఇది పెద్ద కోరిక కాదు. క్యాంపుల్లో నర్సింగు చదివిన ఆడపిల్లలు ఎంతోమంది ఉన్నారు. కొడుకులు, మేనల్లుళ్ళు, నాలాంటి విలేకరులు చేసే అనువాదం ఏ పాటిదో పైన చెప్పాను.

అది జరిగేలోగా పిన్ని కనిపెట్టిన ఉపాయం ఒకటుంది. మా క్యాంపుల్లో ప్రతి ఇంట్లో రైసుమిల్లు క్యాలెండరు గోడకు వేలాడుతూ ఉంటుంది. రక్తం ఎక్కించి పంపించిన నెల నుంచి ఆమె గుడ్డ మార్చినప్పుడల్లా ఆ రోజు గడిలో పెన్సిలుతో ఒక గీత గీసింది. ముద్దలు పడిన రోజు సున్నా చుట్టింది. తర్వాతి సారి ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు గోడ మీది క్యాలెండరు తీసి చుట్టి చంకలో పెట్టుకుంది. డాక్టరమ్మ దాన్ని బల్ల మీద పరిచి, గీతలు ఒక్కొక్కటీ వేలితో లెక్కపెట్టి, వెంటనే మందు మార్చారు. నేను తలుపు బయట బెంచీ మీద కూర్చున్నాను. ఈసారి నన్ను లోపలికి ఎవరూ పిలవలేదు.